ఏడడుగుల రెండంగుళాల గాలం కర్ర

పోయినవాటిని ముందు రాస్తాను.

మేము అద్దెకున్న గది గుమ్మం నుంచి కొండమీది రాతి మేడ గేటు దాకా ఆ రోజుల్లో నలభై ఒక్క బండరాళ్ళు ఉండేవి. మనిషి ఎక్కి కూర్చోగలిగినంత పెద్దవాటినే లెక్కలోకి తీసుకున్నాను. మొన్న ఒక పెళ్ళిపిలుపు ఇవ్వడానికి ఫిల్మ్ నగర్ వెళ్ళినప్పుడు ఆటోని మెయిన్ రోడ్డు మీదే పంపేసి ఆ దారంతా నడిచాను. రెండు మిగిలాయి. ఒకటి హోటల్ ముందు ఉంది, దాని మీద హోటల్ పేరు రాశారు. రెండోది ఎవరిదో ప్రహరీగోడలో సగం ఇరుక్కుపోయింది. అంటే రాళ్ళు ముప్పై తొమ్మిది పోయాయి. సీతాఫలం పొదలు ఇరవై మూడు, అన్నీ పోయాయి. నెమళ్ళు నాలుగో అయిదో ఉండేవి. కూత వినడమే కాని ఒక్కదాన్నీ కళ్ళతో చూడలేదు కాబట్టి వాటిని రాయను. కొత్త సెట్టుకు రంగు వేసినప్పుడు కొండెక్కి వచ్చే టర్పెంటైన్ వాసన, తెల్లవారుతూనే ప్రొడక్షన్ వ్యాను దింపే ఇడ్లీ గిన్నెల ఆవిరి, నీళ్ళ టాంకరు వచ్చిందని బిందెల మీద గరిటెతో కొట్టే మోత, ఇవి మూడు. మనుషుల్లో నాన్న, అమ్మ, గొడుగులు బాగుచేసే తాత, రాతి మేడ ఇంజనీరుగారు. నలుగురు.

ఇవన్నీ వాటంతటవే పోయాయి. ఒక్కటి మాత్రం నా చేతుల్లో పోయింది. అది ఏడున్నర అంగుళాలు.

నాన్న సినిమాల్లో సెట్ ప్రాపర్టీస్ చూసేవాడు. హీరో కూర్చునే కుర్చీ, తాగే గ్లాసు, విసిరికొట్టే ఫోను, ఇలా మనుషులూ గోడలూ కాక తెర మీద కనిపించే ప్రతి వస్తువునీ ఆయనే తెచ్చి పెట్టాలి. మద్రాసులో అయితే అన్నీ అద్దెకిచ్చే కొట్లు ఉండేవట. యూనిట్‌తో పాటు మేమూ ఇక్కడికి వచ్చేసరికి ఇక్కడ ఆ కొట్లు ఇంకా సరిగ్గా లేవు. అందుకని నాన్న జూబ్లీ హిల్స్ ఇళ్ళకు వెళ్ళి అడిగి తెచ్చేవాడు. ఒక ఇంట్లో వీణ, ఒక ఇంట్లో రోజ్‌వుడ్ సోఫా, ఒక ఇంట్లో కుక్క బొమ్మ ఉన్న గడియారం. డబ్బు కోసం ఇచ్చేవాళ్ళు కాదు వాళ్ళు. తమ ఇంటి వస్తువు తెర మీద కనబడుతుందన్న సరదాకి ఇచ్చేవాళ్ళు. నాన్న దగ్గర ఉన్నది ఒక్కటే మాట: "తెచ్చింది తెచ్చినట్టు అప్పజెప్తానండీ."

ఆ మాటే మా అన్నం. ఒక్క ఇంట్లో ఒక్క గాజు కప్పు పగిలిందని తెలిస్తే, సాయంత్రం వాకింగులో ఆ ఇంటాయన ఇంకో ఇంటాయనకు చెప్తాడు, మూడు రోజుల్లో కొండమీద ఒక్క గేటు కూడా తెరుచుకోదు. ఇది నాన్న మాకు రోజూ చెప్పే పాఠం.

నాన్నకు చదువు తక్కువ. జాబితా నేను రాసేదాన్ని. అప్పుడు నాకు పదకొండేళ్ళు. వెళ్ళేటప్పుడు ఎన్ని, వచ్చేటప్పుడు ఎన్ని, ఏది ఎంత పొడవు, దేనికి ఎక్కడ గీత ఉంది. నేను తొమ్మిదో తరగతితో ఆగిపోయినదాన్ని. నాకొచ్చిన లెక్కలన్నీ ఆ జాబితాల్లో నాకు నేనే నేర్చుకున్నవి.

వానలు వెనకబట్టి, సీతాఫలాలకు కళ్ళు తెరుచుకుంటున్న రోజులు. ఒక సినిమాలో ధనవంతుడైన మామగారు కొలను గట్టున గాలం వేసుకుని కూర్చుని అల్లుడితో మాట్లాడే సీను పడింది. డైరెక్టరు వెదురు బొంగు ఒప్పుకోలేదు. దారం చుట్టే చక్రం ఉన్న అసలైన గాలం కర్ర కావాలన్నాడు. అలాంటిది ఆ చుట్టుపక్కల ఒక్కచోటే ఉంది, రాతి మేడ ఇంజనీరుగారి దగ్గర.

ఆయన కృష్ణా జిల్లా మనిషి. డ్యాముల మీద పనిచేసి రిటైరయ్యాడు. భార్య లేదు, కూతురు బెజవాడలో. ప్రతి ఆదివారం ఉదయం డ్రైవర్‌ని తీసుకుని దుర్గం చెరువుకు వెళ్ళి పదకొండింటి దాకా గాలం వేసేవాడు. చేప తినడు. పడ్డది డ్రైవర్ ఇంటికి పోయేది. మిగతా ఆరు రోజులూ ఆయన ఆ ఒక్క రోజు కోసం ఎదురుచూస్తున్నట్టే ఉండేవాడు. దారం తుడిచేవాడు, చక్రానికి నూనె వేసేవాడు, దారానికి కట్టే బెండు ముక్కలు చెక్కేవాడు.

మేము వెళ్ళి అడిగితే కర్రను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఎన్ని రోజులు?" అన్నాడు చివరికి.

"శుక్రవారం తీసుకెళ్ళి మంగళవారం తెచ్చేస్తామండీ. మధ్యలో ఆదివారం షూటింగ్ లేదు గానీ, మిగతా సగం మంగళవారం తీస్తారండీ" అన్నాడు నాన్న.

"అంటే నా ఆదివారం ఒకటి మీ సినిమాకి ఇస్తున్నానన్నమాట."

"మీ దయండీ."

"దయ సంగతి తర్వాత. అమ్మాయ్, నువ్వేనా రాసేది? ఇలా రా. ఉంగరాలు లెక్కపెట్టు."

దారం పోవడానికి కర్ర పొడవునా చిన్న చిన్న ఇనుప ఉంగరాలు ఉన్నాయి. కొస ఉంగరంతో కలిపి ఆరు. దర్జీ టేపు తెప్పించి కొలిపించాడు. ఏడడుగుల రెండంగుళాలు. రెండూ రాసి, కింద సంతకం చేయమన్నాడు. నాన్న కాదు, నేను. జీవితంలో నేను చేసిన మొదటి సంతకం అదే. ఆయన కళ్ళకు అప్పటికే శుక్లాలు. కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివి, "అంకె తప్పు చెప్పదు. మనిషే చెప్తాడు" అన్నాడు.

శనివారం సగం సీను అయింది. ఆదివారం కర్ర మా గదిలో గోడకు రెండు మేకుల మీద ఉంది. నాన్న పడుకున్నాడు. అమ్మ టాంకరు దగ్గర ఉంది. నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా బాగోదు. ఇంటి వెనక రెండు బండల మధ్య ఒక సీతాఫలం చెట్టు ఉండేది. ఎత్తున ఒకే ఒక్క కాయ, కళ్ళు విచ్చి తెల్లగా ఉంది. చేయి అందదు. కర్ర అందుతుంది. కొస ఉంగరం దగ్గర కాడకు తగిలించి లాగితే చాలనుకున్నాను.

కర్ర చాలా అందంగా వంగింది. చేప పడ్డట్టే అనుకుని నవ్వుకున్నాను కూడా. తర్వాత పెసరకాయ విరిచినట్టు చిన్న చప్పుడు. కాయ చెట్టునే ఉంది. కొస ముక్క రెండు బండల మధ్య సందులోకి జారిపోయింది. వంగి చూస్తే లోపల ఎక్కడో ఉంగరం మెరుస్తోంది. చేయి దూరదు. పుల్ల పెట్టి కదిపితే ఇంకా లోపలికి పోయింది. తర్వాత మెరవడం కూడా ఆగిపోయింది.

నాన్నను లేపే ముందు టేపు తీసి కొలిచాను. ఆరడుగుల ఆరున్నర అంగుళాలు. మనసులో తీసివేత చేసుకున్నాను. ఏడున్నర అంగుళాలు, ఒక ఉంగరం. ఈ అంకెలు చెప్తే నాన్న కొంచెం తక్కువ కోప్పడతాడని ఎందుకో అనిపించింది.

నాన్న కొట్టలేదు. కర్ర చేతుల్లోకి తీసుకుని విరిగినచోట బొటనవేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. అమ్మ బిందెతో వచ్చి ఇద్దరి మొహాలూ చూసి బిందె దించడం మర్చిపోయింది.

"ఏమైందండీ?"

"ఏమవ్వలేదు. మనం మళ్ళీ మద్రాసు పోతామేమో, అంతే."

"మద్రాసులో మాత్రం ఎవరున్నారు మనకి?" అంది అమ్మ. అప్పుడు దించింది బిందె.

కర్రను పాత చీరలో చుట్టి ఇద్దరం బస్సెక్కి ఎర్రగడ్డ వెళ్ళాం. అక్కడ మార్కెట్ పక్కన గోనెపట్టా మీద కూర్చుని గొడుగులు బాగుచేసే ఒక తాత ఉండేవాడు. సినిమా గొడుగులన్నీ నాన్న ఆయన దగ్గరికే తీసుకెళ్ళేవాడు. ఉల్లిపాయల పొట్టు గాలికి ఎగిరి ఆయన గడ్డంలో చిక్కుకునేది.

"ఏంది, పీనుగును తెచ్చినట్టు చుట్టి తెచ్చిండ్రు?" అన్నాడు. చీర విప్పి చూశాక ఇంక వెక్కిరించలేదు. విరిగినచోట గోరుతో గీకి, "లోపల బోలుంది. మంచి మాల్. ఎవరిది?" అన్నాడు.

నాన్న చెప్పాడు.

"జర ఇను. అర ఇంచు కోసి సాఫ్ జేస్త. గొడుగు పుల్ల కొసకుండే కన్ను గట్టిదుంటది, దాన్ని ఉంగరం జేసి లక్కతోని కూసబెట్టి దారం గడ్త. రెండు దినాలు ఆరాలె. ఎనిమిది ఇంచులు పొట్టిగైతది, గంతే. ఎంత పెద్ద చేపొచ్చినా ఇరగది."

"పొట్టిగా అయితే కుదరదు తాతా. శనివారం తీసిన షాటులో పొడుగుంది, మంగళవారం తీసే షాటులో పొట్టిగుంటే తెర మీద తెలుస్తుంది. ఆయనకి కూడా కొలిచి రాసిచ్చాం."

"గట్లైతే కొసకు ముక్క అతికియ్యాలె. అతికిస్తే సూసుటానికే అన్నా, పట్టుటానికి గాదు. నాతోని గాదు గా పని."

"నాకు చూడ్డానికే చాలు. ముందు మంగళవారం గడవనీ. షాటవ్వగానే నీ దగ్గరికే తెస్తా, నువ్వు చెప్పినట్టే చేద్దువుగాని. అయ్యగారికి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తా."

తాత ఒక గొడుగు పుల్ల కన్ను కోసి నాన్న చేతిలో పెట్టాడు.

సినిమావాళ్ళకి ఒక గుణం ఉంది. ఇప్పుడు ఎలా ఉందో తెలియదు, అప్పుడు ఉండేది. వస్తువుకు వాళ్ళ లెక్కలో ఒకటే వైపు, కెమెరా వైపు. రాజభవనం గోడకు వెనక వెదురు తడికలే ఉంటాయి. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు. పని అంటారు. నాన్న ఆ పనిలో ఘనుడు. ఇంటికి రాగానే కొబ్బరి చీపురులోంచి ఒక లావుపాటి పుల్ల ఏరాడు. వడ్రంగులు కాచి వాడే జిగురు కిరోసిన్ స్టవ్ మీద పెట్టాడు. ఆ జిగురు పశువుల ఎముకలు ఉడికించి చేస్తారని అమ్మకు తెలుసు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "అన్నం వండే పొయ్యి మీద ఇదేం పనండీ" అంది. కానీ ఆర్పలేదు.

పుల్ల మొదలు సన్నగా చెక్కి కర్ర బోలులోకి దూర్చాడు. పైన సన్నని నల్లదారం, దాని మీద జిగురు, దాని మీద రంగు. గొడుగు పుల్ల కన్ను సాగదీసి ఉంగరం చేశాడు. అంతా అయ్యాక నేను కొలిచాను. ఏడడుగుల రెండున్నర అంగుళాలు వచ్చింది.

"అర అంగుళం ఎక్కువుంది నాన్నా."

"అరంగుళం ఎవరికి తెలుస్తుందే?"

"కాగితంలో రెండే ఉంది."

నాన్న నా మొహం చూసి, ఉంగరం ఊడదీసి, అరంగుళం కోసి మళ్ళీ అతికించాడు. ఈసారి సరిగ్గా సరిపోయింది. నేను పట్టుబట్టకపోతే ఆ అరంగుళం దగ్గరైనా దొరికిపోయేవాళ్ళమేమో. ఈ ఆలోచన నాకు ఇప్పటికీ వస్తూనే ఉంటుంది.

మంగళవారం షాట్ ఓకే అయింది. మామగారి వేషం వేసినాయన కర్ర పట్టుకుని కూర్చున్నాడు, మాట్లాడాడు, లేచాడు. నిజం చేప లేదు కాబట్టి కర్రకు ఏ బాధా లేదు. నాన్న దూరం నుంచి నా వైపు చూసి కళ్ళతో నవ్వాడు. రేపు పొద్దున్నే ఎర్రగడ్డ బస్సు అని ఆ నవ్వుకు అర్థం.

అయితే సాయంత్రం పేకప్ చెప్పేసరికి ఇంజనీరుగారి కారు స్టూడియో గేటు దగ్గర ఉంది. డ్రైవర్ దిగి వచ్చాడు. కొండకింద బస్తీలో ఉండేవాడు, నన్ను బిడ్డా అని పిలిచేవాడు.

"పెద్దసారు పొద్దటి సంది ఒకటే గోల. కర్ర తెచ్చినవా, కర్ర తెచ్చినవా అని. మీరు మోసుకొచ్చుడెందుకని నన్నే తోలిండు. ఎక్కుండ్రి."

నాన్న నోరు తెరిచాడు. రేపు తెస్తానని చెప్పడానికి ఏదైనా సాకు వెతుకుతున్నాడని నాకు తెలుసు. కాని మంగళవారం అని మాట ఇచ్చాం. చుట్టూ యూనిట్ అంతా ఉంది. నాన్న నోరు మూసుకుని కారెక్కాడు.

ఇంజనీరుగారు వరండాలో కాగితం పట్టుకునే కూర్చున్నాడు. "అమ్మాయ్, లెక్కపెట్టు" అన్నాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. టేపు పెట్టి చదివాను. ఏడడుగుల రెండంగుళాలు. ఆయన కర్రను ఒకసారి గాల్లో ఊపి, కాగితం మీద 'అందినది' అని రాశాడు.

"మనిషంటే ఇలా ఉండాలి" అన్నాడు నాన్నతో.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నాన్న రెండు చేతులూ జోడించాడు. చెప్పబోతున్నాడనుకున్నాను. ఆయన నమస్కారం చేసి మెట్లు దిగేశాడు.

బుధవారం, గురువారం, శుక్రవారం, శనివారం. ఈ నాలుగు రోజులు నాకు గంటలవారీగా గుర్తున్నాయి. అమ్మ గోంగూర పప్పు చేసిన రోజు కూడా ముద్ద దిగలేదు. ఆయన శనివారం కర్ర తుడుస్తాడు కదా, అప్పుడు తెలిసిపోతుందేమో. తెలిసిపోతే ఏమవుతుంది, తెలియకపోతే ఏమవుతుంది. ఈ రెండింటిలో ఏది మంచిదో తేల్చుకోలేకపోయాను. ఆదివారం వాన పడాలని మొక్కుకున్నాను. శనివారం మధ్యాహ్నం బాగా పడింది. ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఏడింటికి కారు కొండ దిగిన చప్పుడు విన్నాను.

"చిన్న చేపలే పడతాయిలే. చిన్నవాటికి ఆగుతుంది" అన్నాడు నాన్న, నేను అడగకుండానే.

తొమ్మిదిన్నరకే కారు తిరిగి వచ్చింది. పదకొండు కాకుండా రావడం అంతకుముందు ఎప్పుడూ లేదు. గంట తర్వాత డ్రైవర్ మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. ప్యాంటు తొడల దాకా తడిసి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. జేబులోంచి ఒక పుల్ల ముక్క తీసి నాన్న అరచేతిలో పెట్టాడు. దానికి గొడుగు కన్ను ఇంకా అంటుకునే ఉంది. రంగు నీళ్ళకు ఊడిపోయి చీపురుపుల్ల చీపురుపుల్లలాగే కనిపిస్తోంది.

"బొచ్చె చేప పడ్డది. పది కిలోలుంటదో ఏమో. సారు నిలబడి పట్టిండు, నేను పట్టుకుంటనన్నా ఇయ్యలే. ఇంత నవ్వు మొకం మీద. ఫట్మన్నది. దారం తెగింది, చేప పాయె. గిది నీళ్ళ మీద తేలితే సారు సూడకముందే దిగి తీసిన. నిజం కర్రైతే తేలకపోవు."

నాన్న పుల్ల మీద పిడికిలి మూశాడు.

"సారు ఏమన్నడో ఎరికేనా? నా చేతికి తెల్వలేదురా అన్నడు. చేప గుంజినప్పుడు దారం ఎంత ఇడవాలెనో చేతికి తెల్వాలెనట. కర్ర ఇరగ్గొట్టినోడు గట్టు దిగాలెనని ఆయనకు గాలం నేర్పిన ఇంగ్లీషు దొర చెప్పిండట. గందుకే దిగిన, ఇగ చెరువుకు రానన్నడు. కారుల కూసొని తొవ్వంత చేతులు ఇట్ల సూసుకుంటనే ఉన్నడు."

"నువ్వు చెప్పావా?" అంది అమ్మ లోపలి నుంచి.

"నేను జెప్ప వదినా. జెప్తే అన్న పని పోతది. కానీ ఆయన చేతులు మంచిగున్నయి. గా ముచ్చట ఆయనకు ఎవరన్న జెప్పాలె. ఎవరు జెప్పాల్నో మీకెరికే."

ఆ మధ్యాహ్నమే ఇంజనీరుగారు నాన్నను పిలిపించి కర్ర ఇచ్చేశాడు. "మీరు భద్రంగా తెచ్చిచ్చారు. నేను వారం తిరక్కుండా విరగ్గొట్టుకున్నాను. నాకిక దీంతో పని లేదు, మీ సినిమాలకైనా పనికొస్తుంది" అన్నాడట. నాన్న తీసుకుని వచ్చి మేకుల మీద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు దాన్ని ఎర్రగడ్డ తీసుకెళ్ళాడు. గొడుగుల తాత చెప్పినట్టే చేశాడు. నేనూ వెళ్ళి చూశాను. విరిగిన అంచు సన్నటి రంపంతో కోసి, ఆకురాయి పెట్టి నున్నగా చేశాడు. లక్క కడ్డీని దీపం సెగకు చూపితే అది తేనెలా జారింది. దాన్ని పూసి గొడుగు కన్ను కూర్చోబెట్టి, వేలితో తిప్పి తిప్పి సరిచేశాడు. మీద పట్టుదారం, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా. ఇరవై ఎనిమిది చుట్లు. రెండు రోజులు ఆరనిచ్చాక కొస పట్టుకుని విల్లులా వంచి చూపించాడు. అది మెల్లగా తిరిగి లేచింది.

"ఇగ ఏనుగును గుంజినా గుంజుతది. ఆరడుగుల ఆరు ఇంచులు. రాసుకో, లెక్కల మేడం" అన్నాడు.

దాన్ని తీసుకుని నాన్నా నేనూ రాతి మేడకు వెళ్ళాం. ఈసారి చెప్పేద్దామనే వెళ్ళాం. దారిలో నాన్న ఏ మాటలతో మొదలుపెట్టాలో పైకే అనుకుంటూ నడిచాడు. "అయ్యగారూ, మీ చేతుల్లో తప్పు లేదండీ." అది మొదటి వాక్యం.

ఇంజనీరుగారు కర్రను కొసనుంచి పిడి దాకా తడిమాడు. "మంచి పనివాడు. ఎవరు?" అన్నాడు. నాన్న చెప్పాడు. "ఇలాంటి పని తెలిసినవాడు నీకు దొరికాడు చూడు, అది నీ మంచితనం. నా విరిగిన కర్రను నువ్వు బాగుచేయించడమేమిటయ్యా. నిన్న ఎదురింటి రావుగారితో కూడా చెప్పాను, ఏ వస్తువు కావాలన్నా ఈయనకు కళ్ళు మూసుకుని ఇవ్వచ్చని."

నాన్న నోట్లోని మొదటి వాక్యం అక్కడ ఆగిపోయింది. అది ఆగడం నాకు కనిపించింది.

అప్పుడు ఆయన నన్ను లోపలికి వెళ్ళి గ్లాసు నిండా, అంచు దాకా నీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చాను. గ్లాసు కుడిచేత్తో పట్టుకుని చేయి చాచాడు.

"అమ్మాయ్, లెక్కపెట్టు. ఎంత దాకా ఒలకకుండా ఉంటుందో చెప్పు. నాకు సరిగ్గా కనబడదు."

నేను లెక్కపెట్టాను. ముప్పై. అరవై. నీళ్ళు అంచు మీద అద్దంలా నిలిచి ఉన్నాయి. తొంభై. డ్రైవర్ మెట్ల కింద కారు తుడవడం ఆపి నన్నే చూస్తున్నాడు. నూట ఇరవై.

"ఒక్క చుక్క కూడా పోలేదు తాతగారూ" అన్నాను.

"నిజంగా?"

"నిజంగానే."

ఆయన గ్లాసు దించి, తడవని వేళ్ళను తడిమి చూసుకున్నాడు. "మరి ఆ రోజు ఎందుకు తెలియలేదంటావు చేతికి?" అన్నాడు. నన్ను కాదు, నాన్నను కాదు. కాని మేమిద్దరమే ఉన్నాం అక్కడ.

జవాబు నాకు తెలుసు. నాలుగు మాటలు. నాన్న వైపు చూశాను. నాన్న నేలమీద గచ్చు గీతలు చూస్తున్నాడు. ఎదురింటి రావుగారు, ఆ పక్క గేటు, ఆ పై గేటు, అన్నీ నా కళ్ళముందు వరసగా మూసుకుంటూ కనిపించాయి. మద్రాసులో మాత్రం ఎవరున్నారు మనకి అన్న అమ్మ గొంతు వినిపించింది. నేను నోరు తెరిచి, "గ్లాసు లోపల పెట్టిరానా తాతగారూ" అన్నాను.

"పెట్టిరా" అన్నాడాయన. "గ్లాసు వేరు, చేప వేరులే."

కర్ర ఆయన తీసుకోలేదు. మళ్ళీ మా గోడ మీదికే వచ్చింది. దిగేటప్పుడు నాన్న, "నోటిదాకా వచ్చిందే అమ్మలూ. వచ్చే వారం చెప్తాను" అన్నాడు. వచ్చే వారం అన్న మాట కొన్నాళ్ళు అంటూనే ఉన్నాడు. తర్వాత అనడం మానేశాడు. ఆ ఏడు మాకు వస్తువులిచ్చే ఇళ్ళు ఆరు నుంచి పదిహేడయ్యాయి. అన్ని గేట్లకూ తాళంచెవి రాతి మేడ ఇంజనీరుగారి మాటే. అమ్మకు రెండు కొత్త చీరలు వచ్చాయి. నాకు జామెట్రీ బాక్సు వచ్చింది. డైరెక్టర్లు రెండుసార్లు ఆ గాలం కర్ర అడిగితే, నాన్న మా దగ్గర లేదన్నాడు.

ఆదివారాలు ఉదయం నేను టాంకరు దగ్గర నిలబడితే రాతి మేడ వరండా కనిపించేది. ఆయన ఏడింటికల్లా స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, టోపీ కూడా పెట్టుకుని కూర్చునేవాడు. కారు షెడ్డులోనే ఉండేది. పదకొండు దాకా అలాగే ఉండి లేచేవాడు.

ఆయన పోయిన కబురు డ్రైవరే తెచ్చాడు. నాకప్పుడు పదహారో ఏడు. "ఆఖరు దాక జెప్పకపోతిరి బిడ్డా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నాన్న కూడా పోయి పన్నెండేళ్ళయింది. ఇక చెప్పాల్సినవాళ్ళూ లేరు, వినాల్సినవాళ్ళూ లేరు. నేను లెక్కలు రాసి బతికినదాన్ని, ఏ లెక్కనూ సగంలో వదలను. మొన్న ఫిల్మ్ నగర్ నుంచి వచ్చాక కాగితం తీసుకుని కూర్చున్నాను. ఆయన గట్టు దిగిన రోజు నుంచి పోయిన రోజు దాకా నాలుగేళ్ళ రెండు నెలలు. రెండు వందల పదిహేడు ఆదివారాలు. నాకు ఎంత న్యాయం చేసుకోగలనో అంతా చేసుకున్నాను. వానలకు ఏడాదికి ఆరు చొప్పున ఇరవై నాలుగు తీసేశాను. కూతురి దగ్గరికి బెజవాడ వెళ్ళినవి ఎనిమిది. ఒక ఎండాకాలం చెరువులో నీళ్ళు మరీ తగ్గిపోయాయని డ్రైవర్ చెప్పాడు, దానికి ఏడు. చివర మంచం మీద ఉన్నవి తొమ్మిది.

రెండు రోజులు ఆలోచించాను. ఇంకొక్క ఆదివారం తీసేయడానికి నాకు ఏ కారణమూ దొరకలేదు.

నూట అరవై తొమ్మిది.